మింగేదానికి కక్కడం ఎలా వచ్చింది?

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఎం87 గెలాక్సీ నడుమ ఉన్న బ్లాక్ హోల్ గురించి రాస్తూ, 'దాని నుంచి 5,000 కాంతి సంవత్సరాల పొడవున జెట్ దూసుకొస్తోంది' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను (జెట్ అంటే సన్నటి ధారలా విసురుగా ఎగజిమ్మే కణాలు). ఆ వాక్యానికి ఈ నెల జరిమానా కడుతున్నాను. వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీదే.

ప్రశ్న: మాస్టారూ, బ్లాక్ హోల్ నుంచి వెలుగు కూడా బయటికి రాదని మీరే రాశారు. మళ్ళీ మీరే జెట్ వస్తోందన్నారు. పరీక్షలో ఏది రాయాలి?
– ఇంటర్ విద్యార్థిని, బొబ్బిలి

రెండూ రాయి తల్లీ. తప్పు నాది. 'బ్లాక్ హోల్ దగ్గర నుంచి' అని రాయాల్సింది 'నుంచి' అని రాసేశాను. 31 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, 'దగ్గర' అన్న మాట మింగేశాను. లోపలికి పోయింది లోపలే. జెట్ పుట్టేది గుమ్మం బయట.

ఎలాగో చెప్పాలంటే మా కోనసీమకు రావాలి. మా వీధి చివర కొబ్బరి పీచుతో తాళ్ళు పేనే పాక ఉంది. ఒకామె రాట్నం దగ్గర కూర్చుని తిప్పుతుంది. ఇద్దరు నడుముకి పీచు మూట కట్టుకుని, చేతి వేళ్ళతో కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి నడుస్తారు. తిరిగేది రాట్నం కొక్కెం ఒక్కటే, అదీ ఉన్నచోటనే. అయినా మెలి తాడు పొడవునా పాకి ఇరవై గజాల అవతల వాళ్ళ వేళ్ళ దాకా వస్తుంది. ఓసారి సరదాకి పట్టుకుని చూశాను, అరచెయ్యి మండింది.

ఇప్పుడు ఆ కొక్కెం స్థానంలో గిర్రున తిరిగే బ్లాక్ హోల్‌ని పెట్టుకో. తాడు స్థానంలో అయస్కాంత బలరేఖలు. చుట్టూ సుడి తిరుగుతూ పడుతున్న వేడి వాయువు ఈ బలరేఖలను తనతో ఈడ్చుకొచ్చి బిలం దగ్గర పోగు చేస్తుంది. తిరిగే బ్లాక్ హోల్ తన చుట్టూ ఉన్న అంతరాళాన్నే తనతో పాటు తిప్పుతుంది కాబట్టి ఆ రేఖలు మెలిపడతాయి. మెలి రెండు ధ్రువాల వైపూ పాకుతుంది. బయట ఉన్న విద్యుదావేశం గల కణాలు దాంతో పాటు విసురుగా లేస్తాయి. ఖర్చయ్యేది బిలం తిరుగుడులోని శక్తి. జెట్ కోసం తీసిన కొద్దీ తిరుగుడు అంత మందగిస్తుంది. 1977లో రోజర్ బ్లాండ్‌ఫర్డ్, రోమన్ జ్నాయెక్ అనే ఇద్దరు ఈ లెక్క వేశారు. 2021లో విడుదలైన ఎం87 చిత్రంలో బ్లాక్ హోల్ చుట్టూ కనిపించే వెలుగు ఉంగరం అంచున బలమైన, పద్ధతిగా అమరిన అయస్కాంత క్షేత్రం జాడ కనిపించింది. నా రాట్నం కథ అక్కడి దాకా సరిపోతుంది. అంతకు మించి లాగితే తాడు తెగుతుంది.

కొలత కూడా చూడు. ఎం87 బ్లాక్ హోల్ బరువు మన సూర్యుడి లాంటివి 650 కోట్లు. దాని సరిహద్దును ఆవగింజంత చేస్తే జెట్ దాదాపు రెండున్నర కిలోమీటర్లు వస్తుంది. అంటే ఆవగింజ మా ఇంటి అరుగు మీద, జెట్ కొస బస్టాండు అవతల.

ప్రశ్న: పత్రికల్లో వేసే రేడియో చిత్రాల్లో జెట్ మొదట్లో 'కోర్' అని ఒక మెరిసే చుక్క చూపిస్తారు. అదేనా బ్లాక్ హోల్?
– రిటైర్డ్ హెడ్మాస్టర్, నెల్లూరు

చాలామంది అలాగే అనుకుంటారండీ. నేనూ అనుకున్నాను. కాదు.

సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మా కాలవ గట్టు మీద నిలబడితే కొబ్బరి చెట్ల మొవ్వులు కనిపిస్తాయి, మొదళ్ళు కనిపించవు. కింద మంచు చిక్కగా ఉంటుంది. ఏడు గంటలయ్యేసరికి నడిమాను తేలుతుంది, ఎనిమిదికి మొదలు. ఏడింటికి చూసినవాడు చెట్టు గాల్లోంచి మొలిచిందనుకుంటే ఎలా?

జెట్ మొదట్లో కణాలు చిక్కగా ఉంటాయి. అక్కడ పుట్టిన రేడియో తరంగాలను అవే మింగేస్తాయి. కొంత దూరం పోయాక పలచబడి, వెలుగు బయటపడుతుంది. ఆ బయటపడే చోటే మీరు చూసిన చుక్క. అంటే మన చూపు లోపలికి పోలేక ఆగిన చోటు. పొడవైన తరంగాలతో చూస్తే బిలానికి దూరంగా కనిపిస్తుంది, పొట్టి తరంగాలతో చూసే కొద్దీ బిలం వైపు జరుగుతుంది. 1979లో ఇదే బ్లాండ్‌ఫర్డ్, ఆరియే కోనిగల్‌తో కలిసి దీన్ని వివరించారు. 2011లో జపాన్‌కు చెందిన కజుహిరో హదా బృందం ఎం87 చుక్కను రకరకాల పౌనఃపున్యాల్లో కొలిచి, అది జరుగుతూ జరుగుతూ ఎక్కడికి చేరుతుందో చూసింది. 7 మిల్లీమీటర్ల తరంగాలతో చూసినప్పుడు బిలం నుంచి ఆ చుక్క ఉన్న దూరం, బిలం సరిహద్దు వ్యాసార్థానికి 14 నుంచి 23 రెట్లు మాత్రమే అని తేలింది.

ఇలా చూడాలంటే ఒక టెలిస్కోప్ చాలదు. ఖండాల మీద చెదిరి ఉన్న డిష్‌లన్నీ ఒకేసారి అటు తిరగాలి, అణు గడియారాలతో టైము రాసుకోవాలి, ఆ రికార్డులన్నీ ఒక చోట కలపాలి. 2019లో ప్రపంచమంతా చూసిన ఆ ఉంగరం ఫోటో వెనుక అర టన్ను హార్డ్ డిస్కులున్నాయి. ఇంటర్నెట్ చాలక విమానాల్లో పంపారు! 2018 ఏప్రిల్‌లో 3.5 మిల్లీమీటర్ల తరంగాలతో చేసిన పరిశీలనలు కూడా ఇలాంటివే. ఉంగరమూ, దాని దగ్గర నుంచి లేచే జెట్ మొదలూ ఒకే చిత్రంలో కలిసి కనిపించడం అదే మొదటిసారి. ఆ చిత్రం 2023లో అచ్చయింది. చెట్టు మొదలు కనిపించినట్టే.

ప్రశ్న: జెట్‌లోని ముద్దలు కాంతి కన్నా ఆరు రెట్లు వేగంగా కదులుతున్నాయని చదివాను. ఐన్‌స్టీన్ సంగతేంటి సార్?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

ఐన్‌స్టీన్ క్షేమం. 1999లో హబుల్ టెలిస్కోప్ ఎం87 జెట్‌లో చూసిన మాట నిజమే. కళ్ళకు అలా కనిపించింది.

మా తాతగారు కాశీ వెళ్ళారు. చేరిన కొన్నాళ్ళకు అక్కడ ఒక కార్డు రాసి పోస్టులో వేశారు. ఆ కార్డు ఎక్కడెక్కడ పడుకుందో, తాపీగా బయల్దేరింది. ఆయన తిరుగు ప్రయాణంలో సామర్లకోటలో దిగి అక్కడ ఇంకో కార్డు వేశారు. సోమవారం కాశీ కార్డు వచ్చింది, మంగళవారం సామర్లకోట కార్డు. నాయనమ్మ రెండూ పక్కపక్కన పెట్టుకుని, "ఈయనకి రెక్కలు గానీ మొలిచాయా, ఒక్క రోజులో కాశీ నుంచి సామర్లకోటా!" అందట. కార్డు వెనకాలే మనిషి కూడా మన వైపే వస్తుంటే ఇలాగే అవుతుంది.

ఇప్పుడు లెక్క. ఒక ముద్ద కాంతి వేగంలో 99 శాతంతో, మన వైపే వస్తూ 8 డిగ్రీలు పక్కకి వాలి, 10 ఏళ్ళు ప్రయాణించిందనుకోండి. మన వైపు 9.8 కాంతి సంవత్సరాలు వచ్చింది, పక్కకి 1.4 జరిగింది. మొదట్లో బయల్దేరిన వెలుగుకీ, చివర్లో బయల్దేరిన వెలుగుకీ మన దగ్గర తేడా 0.2 ఏళ్ళే. మనకు ముందూ వెనకా కనిపించదు, పక్కకి జరిగిందే కనిపిస్తుంది. 0.2 ఏళ్ళలో 1.4 అంటే, భాగించండి, 7 రెట్లు. మార్టిన్ రీస్ 1966లోనే ఇలా కనిపించవచ్చని ముందుగా చెప్పారు. 1971 నాటికి క్వేజార్‌లలో, అంటే నడుమ ఉన్న బ్లాక్ హోల్ వల్ల ధగధగలాడే దూరపు గెలాక్సీల్లో, నిజంగానే కనిపించింది.

మరి ఎం87కి ఒక వైపే జెట్ ఎందుకు కనిపిస్తుందని మీ ఉత్తరం అంచున రాశారు. రెండో వైపూ ఉంది. ఇంత వేగంతో వచ్చే జెట్ వెలుగు దాని ముందుకే గుమిగూడుతుంది. మన వైపు వచ్చేది ధగధగలాడుతుంది, అవతలికి పోయేది మసకబారుతుంది.

ప్రశ్న: గురువుగారూ, మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. సరిగ్గా మన వైపే గురిపెట్టిన జెట్లు ఉన్నాయని ఎక్కడో చూశాడు. రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్రపోవడం లేదు.
– ఒక అమ్మ, డాలస్

ఉన్నాయమ్మా, దాచకండి. వాటిని బ్లేజార్‌లంటారు. పాతకాలం నుంచి తెలిసినది బల్లి నక్షత్రమండలంలో ఉంది. 1929లో జర్మన్ ఖగోళవేత్త కూనో హాఫ్‌మైస్టర్ దాన్ని వెలుగు మారే మామూలు నక్షత్రం అనుకుని పేరు రాసుకున్నారు. 1968లో గానీ దాని అసలు సంగతి బయటపడలేదు. 39 ఏళ్ళు బల్లి మన నెత్తి మీదే ఉంది, ఏ ఫలితమూ చూపలేదు. దూరం సుమారు 90 కోట్ల కాంతి సంవత్సరాలు. వాటి నుంచి మనకు చేరేది కాస్త వెలుగు, ఎప్పుడో ఒక కణం. 2017 సెప్టెంబర్ 22న దక్షిణ ధ్రువం మంచులో పాతిన ఐస్‌క్యూబ్ పరికరానికి తగిలిన ఒకే ఒక్క న్యూట్రినో (దేనికీ ఓ పట్టాన తగలని సూక్ష్మ కణం) వచ్చిన దిక్కులో, దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఒక బ్లేజార్ రాజుకుంటూ కనిపించింది. ఒక్క కణం కోసం ప్రపంచంలోని టెలిస్కోప్‌లు అటు తిరిగాయని చెప్పండి, భయం పోయి కుతూహలం పుడుతుంది. ఇంకోటి కూడా చెప్పండి: లద్దాఖ్‌లోని హాన్లేలో 4,300 మీటర్ల ఎత్తున 21 మీటర్ల మేస్ టెలిస్కోప్ ఉంది. బ్లేజార్‌ల గామా కిరణాల కోసం కాపు కాయడం దాని పనుల్లో ఒకటి. దాని తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చెయ్యి ఉంది.

ప్రశ్న: ఎం87 మా ఇంటి నుంచి కనిపిస్తుందా?
– రైతు, ఆర్మూరు

చిన్న టెలిస్కోప్ ఉంటే కనిపిస్తుందండీ. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదికి ఉత్తర ఫల్గుణి నక్షత్రం పట్టుకోండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఎంత వెడల్పో, దానికి తూర్పున అంత దూరం వెళ్ళండి. దూది పింజ లాంటి మచ్చ తగులుతుంది. జెట్ కనిపించదు. 1918లో హీబర్ కర్టిస్‌కి కూడా లిక్ అబ్జర్వేటరీ పెద్ద టెలిస్కోప్‌తో తీసిన ఫోటోలోనే, ఆ మచ్చలోంచి తిన్నగా వచ్చే గీతలా దొరికింది. అదేమిటో ఆయనకూ తెలియలేదు. అమావాస్య దగ్గర రోజులు చూసుకోండి, పొలంలో మోటారు షెడ్డు లైటు ఆర్పేయడం మర్చిపోకండి.