భీమవరం ఐస్ ప్లాంటు: కొత్త మోటార్లు పెట్టినా హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లు తగ్గలేదన్న ప్రశ్నకు సమాధానం

మోటార్లను అనుమానించకండి. ముందు చూడాల్సింది ఒప్పంద డిమాండ్, అంటే ఇంతవరకు లోడు వాడతామని విద్యుత్ సంస్థతో రాసుకున్న పరిమితి. ఐఈ3 (అధిక సామర్థ్య) మోటార్లు, ఎల్‌ఈడీలు యూనిట్లను తగ్గిస్తాయి, ఒప్పందాన్ని కాదు. ఆ నెల మీటరులో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డిమాండ్ ఛార్జీ పడుతుంది.

1. ఏడాది బిల్లులు తీసి నెలవారీ గరిష్ఠ డిమాండ్ రాసుకోండి. వేసవి, రొయ్యల పట్టుబడి నెలలు తప్పకుండా ఉండాలి. చాలామంది వానాకాలం అంకె చూసి ఒప్పందాన్ని తగ్గించేస్తారు. సీజన్‌లో ఒప్పందం దాటి జరిమానా కడతారు.

2. అత్యధిక నెలపై కొంత వెసులుబాటు ఉంచి, ఒప్పంద డిమాండ్ తగ్గించమని విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు చేయండి. అడగనిదే ఎవరూ తగ్గించరు. ఒప్పందపు కనీస గడువు ముగిసిందో లేదో ముందే చూసుకోండి.

3. బిల్లింగ్ కేవీఏహెచ్‌లలో, అంటే పనికిరాని కరెంటును కూడా లెక్కించే యూనిట్లలో, కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) చూడండి. దాన్ని పెంచే పాత కెపాసిటర్లు సరిపోతున్నాయా?

4. కొత్త మోటారు కాస్త వేగంగా తిరుగుతుంది. పంపులకు అదే అదనపు ఖర్చు. బెల్టుతో నడిచేవాటికి పుల్లీ సైజు సరిచేయించండి.

ఇక కంప్రెసర్ కోసం అప్పు చేసేటట్లయితే, కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో వారి ‘అడీటీ’ పథకంలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 5 శాతం వడ్డీ రాయితీ ఉంది. కనీసం 10 శాతం ఇంధన ఆదా చూపించాలి. ఇంధన ఆడిట్ చేయించాకే ఆర్డరు పెట్టండి.