పాల కోసం వెళ్లిన దుకాణంలో బీరు కూడా ఉంది

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర పల్లె. అక్క వేసిన పిటిషన్ మీద కుటుంబంతో అమెరికా వచ్చాను. గ్రీన్‌కార్డు వచ్చి 4 సంవత్సరాల 10 నెలలైంది. మొదట టెక్సస్‌లో ఉండి, నిరుడు న్యూ మెక్సికోలోని అల్బకర్కీ వచ్చాను. బీరు కూడా అమ్మే ఒక గ్యాస్ స్టేషన్ దుకాణానికి మేనేజరును. అక్కడ రెండుసార్లు దోపిడీ జరిగింది. ఒకసారి నా కణతకే తుపాకీ ఆనించారు. అప్పటి నుంచి కంటికి నిద్ర లేదు. యజమాని సరేనంటే సొంత పిస్టల్ కొని, అందరికీ కనబడేలా నడుముకు పెట్టుకుంటున్నాను. ఇక్కడ దానికి లైసెన్సు అక్కరలేదని అందరూ చెప్పారు. 97 రోజుల కిందట డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ, పాల కోసం ఒక కిరాణా దుకాణంలోకి వెళ్లాను. ఎవరో ఫోను చేస్తే పోలీసులు వచ్చారు. పదిమంది ముందు నా చేతులు పైకెత్తించి, పిస్టల్ తీసుకుని రసీదు ఇచ్చి, వివరాలు రాసుకుని పంపేశారు. ఆ దుకాణంలో బీరు అమ్ముతారు కాబట్టి అది తప్పట. నేను జన్మలో మందు ముట్టినవాడిని కాను! దుకాణం మీద, పోలీసుల మీద నష్టపరిహారానికి దావా వేయవచ్చా? పిస్టల్ ఎలా తెచ్చుకోవాలి? ఇంతవరకు కేసు లేదు కాబట్టి వెంటనే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టమని మిత్రులు అంటున్నారు. ఇకమీదట దుకాణాల్లోకి వెళ్లేటప్పుడు పిస్టల్‌ను కారులో కూర్చున్న మా బావమరిదికి ఇచ్చి వెళ్లవచ్చా? అతను ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్నాడు.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం దోపిడీ గురించి, ఆ రోజు జరిగిన అవమానం గురించి ఉంది. ప్రాసిక్యూటరు వాటి జోలికి రాడు, నేనూ రాను. నేను గీత గీసుకున్న మాటలు రెండే. ఒకటి "అందరికీ కనబడేలా". రెండోది "గ్రీన్‌కార్డు". మొదటి మాట నేరాన్ని నిలబెడుతుంది. ఆ నేరానికి మీరు చెల్లించాల్సిన ధర ఎంతో రెండోది చెబుతుంది.

న్యూ మెక్సికోలో తుపాకీ కనబడేలా పెట్టుకుని వీధిలో నడవడానికి లైసెన్సు అక్కరలేదన్నది నిజమే. ఆ రాష్ట్ర రాజ్యాంగం ఆయుధం ధరించే హక్కును ఇస్తూనే, దాచుకుని తిరిగే హక్కు ఇందులో లేదని అదే సెక్షన్‌లో చెప్పింది. అందుకే దాచుకోవాలంటే లైసెన్సు కావాలి, బయటికి పెట్టుకుంటే అక్కరలేదు. మీకు సలహా ఇచ్చినవారు ఇక్కడితో ఆగిపోయారు. ఆ రాష్ట్ర శాసనాల్లో 30-7-3 అనే సెక్షన్ కూడా ఉంది. మద్యం అమ్మే లైసెన్సు ఉన్న ఆవరణలోకి తుపాకీ తీసుకువెళ్లడం నాలుగో తరగతి ఫెలనీ, అంటే తీవ్ర నేరాల కోవలోది. అందులో తూటాలు ఉన్నా లేకపోయినా ఒకటే. శిక్ష 18 నెలల వరకు జైలు, 5,000 డాలర్ల వరకు జరిమానా. మీరు మందు తాగుతారా, బీరు అరల వైపు వెళ్లారా అని ఆ సెక్షన్ ఎక్కడా అడగదు. మీ మద్యనిషేధ వ్రతం మెచ్చదగినదే కానీ కోర్టులో దానికి విలువ లేదు.

మద్యం ఆవరణ అంటే బార్ అని కదా అర్థం, కిరాణా దుకాణం దాని కిందికి ఎలా వస్తుంది అని మీరు అనవచ్చు. సమాధానం ఆ సెక్షన్‌లోని మినహాయింపుల్లోనే దొరుకుతుంది. దాచుకుని తిరిగే లైసెన్సు ఉన్నవాడు, ఆ లైసెన్సు వర్తించే తుపాకీని దాచుకునే, అక్కడే కూర్చుని తాగే వీలులేని మద్యం దుకాణంలోకి వెళ్లవచ్చని ఒక మినహాయింపు ఉంది. సీసా కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లే దుకాణాలు అసలు నిషేధంలోనే లేకపోతే ఈ మినహాయింపుతో పనేముంది? కాబట్టి ఆ వాదన నిలవదు. ఇందులో ఒక విడ్డూరం ఉంది. వీధిలో దాచుకుంటే తప్పు, బయటపెడితే ఒప్పు. దుకాణం గడప దాటగానే వ్యవహారం తలకిందులవుతుంది: లైసెన్సుతో దాచుకున్నవాడు ఒప్పు, నిజాయితీగా బయటపెట్టుకున్నవాడు ఫెలనీ ముద్దాయి. మీకు ఆ లైసెన్సు లేదు. ఉన్నా, కనబడేలా పెట్టుకున్నారు కాబట్టి ఆ మినహాయింపు మీకు అందదు.

యజమాని అనుమతి ఉందన్నారు. యజమానికీ, ఆయన తరఫున పనిచేసేవారికీ మినహాయింపు ఉన్నమాట వాస్తవం. అయితే అది ఆయన దుకాణంలో, మీరు పనిలో ఉన్నంతసేపే. "డ్యూటీ దిగి" అని మీరే రాశారు. వేరొకరి దుకాణంలో మీరు పాలు కొనడానికి వచ్చిన మనిషి మాత్రమే. కార్లు నిలిపే స్థలానికి కూడా మినహాయింపు ఉంది. పిస్టల్‌ను కారులో పెట్టి తాళం వేసుకుని వెళ్లి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు. 2023 సెప్టెంబరులో అల్బకర్కీలో తుపాకీలు ధరించడాన్ని గవర్నర్ నిలిపివేస్తే ఫెడరల్ (కేంద్ర) కోర్టు అడ్డుకుంది కదా అని కొందరు అంటుంటారు. అది ఒక తాత్కాలిక ఉత్తర్వు గురించిన గొడవ. 30-7-3తో దానికి సంబంధం లేదు.

ఒక మాట కటువుగా చెబుతాను. బీరు కొనడానికి వచ్చిన ప్రతి మనిషి వయసు చూడటానికి గుర్తింపు కార్డు అడిగే ఉద్యోగం మీది. మద్యం లైసెన్సు గోడకు వేలాడుతుంటే దాని కింద రోజుకు ఎనిమిది గంటలు నిలబడతారు. అలాంటి మనిషి నడుముకు పిస్టల్ కట్టుకునే ముందు, ఈ రెండూ ఒకచోట ఉంటే ఏమవుతుందని ఒక్క గంట కూర్చుని చదవలేకపోయారా? "అందరూ చెప్పారు" అన్నారు. ఆ అందరిలో ఎవరూ రేపు మీ పక్కన బోనులో నిలబడరు.

ఇక గ్రీన్‌కార్డు సంగతి. అమెరికా పౌరుడికి ఈ కేసు వస్తే, మొదటి తప్పు కాబట్టి, బహుశా జైలు మొహం చూడకుండానే బయటపడతాడు. మీ పరిస్థితి అది కాదు. ఫెడరల్ వలస చట్టం 237వ సెక్షన్ ప్రకారం, దేశంలోకి వచ్చాక ఎప్పుడైనా సరే, తుపాకీని కలిగి ఉండటం లేదా ధరించడం గురించిన నేరంలో దోషిగా తేలిన విదేశీయుడిని దేశం నుంచి పంపించవచ్చు. ఒక్క రోజు కూడా జైలు పడకపోయినా సరే. పాల డబ్బా కథ ఇమిగ్రేషన్ జడ్జి ముందు పనిచేయదు. ఆయన చూసేది రాష్ట్ర కోర్టు రికార్డు. కాబట్టి శిక్ష ఎంత పడుతుందన్న లెక్క పక్కన పెట్టండి. మీ రికార్డులో తుపాకీ నేరానికి "దోషి" అన్న నమోదు పడకుండా చూసుకోవడమే మీకున్న అసలు కేసు.

కేసు పెట్టలేదు కదా అన్న ధీమా ఎక్కడి నుంచి వచ్చింది? నాలుగో తరగతి ఫెలనీకి కేసు పెట్టడానికి గడువు 5 సంవత్సరాలు. మూడు నెలల మౌనాన్ని క్షమాపణ అనుకోకండి. మీరు వేస్తానంటున్న దావా సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడి ప్రభుత్వ సంస్థల మీద రాష్ట్ర చట్టం కింద నష్టపరిహారం కోరాలంటే మామూలుగా 90 రోజుల్లో లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. మీకు 97 గడిచాయి. ఫెడరల్ దావాకు ఇంకా వ్యవధి ఉంది కానీ దాని జోలికి వెళ్లవద్దు. దావా వేసిననాడు మీరే ప్రమాణం చేసి, ఆ రోజు పిస్టల్‌తో ఆ దుకాణంలోకి వెళ్లానని చెప్పుకోవాల్సి వస్తుంది. ప్రాసిక్యూటరు శ్రమ పడి రుజువు చేయాల్సినదాన్ని పువ్వుల్లో పెట్టి మీరే అందించినట్టవుతుంది. ఇక దుకాణం అంటారా, తుపాకీ చూసి పోలీసులకు ఫోను చేయడం వాళ్లు చేసిన తప్పు కాదు.

ఇప్పుడు మీ మిత్రుల సలహా. వద్దు. ఇప్పుడు పౌరసత్వ దరఖాస్తు పెట్టవద్దు. ఆ ఫారంలో, పోలీసులు మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, అదుపులోకి తీసుకున్నారా అని అడుగుతారు. అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని కూడా అడుగుతారు. కేసు లేదు కదా అని "లేదు" అని రాస్తే అబద్ధం. అబద్ధంతో వచ్చిన పౌరసత్వాన్ని తరవాత కోర్టు రద్దు చేయగలదు, ఆ అబద్ధానికి విడిగా ఫెడరల్ శిక్ష ఉంటుంది. "అవును" అని రాస్తే, ఇంతవరకు అల్బకర్కీలో ఏదో ఒక బీరువాలో ఉన్న కాగితం మీ చేతుల మీదుగా ఇమిగ్రేషన్ అధికారి బల్ల మీదికి చేరుతుంది. పౌరసత్వం గీత దాకా వచ్చి ఆగమంటే బాధగానే ఉంటుంది. ఆగండి.

రెండో ఉచ్చు ఇంతకంటే తియ్యగా ఉంటుంది. రేపు కేసు పడితే, నేరం ఒప్పుకోండి, కొన్నాళ్లు మంచిగా ఉంటే జడ్జిగారు షరతుల మీద విడుదల చేస్తారు, రికార్డులో దోషి అని ఉండదు అని ఎవరో చెబుతారు. న్యూ మెక్సికో చట్టం ప్రకారం ఆ మాట నిజమే. వలస చట్టం ప్రకారం కాదు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏ కొద్దిపాటి షరతు విధించినా ఇమిగ్రేషన్ లెక్కలో అది దోషిగా తేలడమే. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని విదేశీ ముద్దాయికి ముందే చెప్పడం డిఫెన్సు లాయరు బాధ్యత అని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మీరు పెట్టుకునే లాయరును ఈ ప్రశ్న నోరు తెరిచి అడగండి.

బావమరిదిని ఇందులోకి లాగవద్దు. విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు కొద్దిపాటి మినహాయింపుల్లో తప్ప తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. 15 సంవత్సరాల వరకు శిక్ష పడవచ్చు. "కాస్త పట్టుకో" అని మీరు ఒళ్లో పెట్టిన ఆ ఐదు నిమిషాలు అతని చదువును మింగేయగలవు, ఇచ్చినందుకు మీ మీదా కేసు రావచ్చు. మీరు కూడా ఇప్పుడు మరో పిస్టల్ కొనవద్దు. ఫెలనీ అభియోగం దాఖలైన తరవాత కొంటే అదే ఇంకో నేరం.

సాక్ష్యం గురించి తొందర పడాల్సిన అవసరం ఉంది. పోలీసుల బాడీ కెమెరా రికార్డులను కనీసం 120 రోజులు ఉంచాలని న్యూ మెక్సికో చట్టం చెబుతుంది. మీకు 23 రోజులే మిగిలాయి. మీరు లోపల పట్టుబడ్డారా, కార్ల దగ్గరా, పిస్టల్ ఎంత కనబడుతోంది, పోలీసులు ఏమడిగారు, మీరు కంగారులో ఏం వాగారు, అన్నీ అందులోనే ఉంటాయి. దుకాణం కెమెరాల్లోది ఈపాటికి చెరిగిపోయి ఉండవచ్చు, అయినా అడిగి చూడాలి. ఆ రోజు ఆ దుకాణానికి మద్యం లైసెన్సు నిజంగా అమలులో ఉందా అన్నది కూడా రాష్ట్ర రికార్డుల్లో చూడాల్సిన విషయమే. ఇవన్నీ మీ పేరు మీద మీరు అడగకండి, లాయరు చేత అడిగించండి.

ఉత్తరం చివర, ఆ రోజు రాత్రే పోలీసు రసీదు ఫొటో తీసి మొత్తం కథ రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టానని ఒక ముక్క చేర్చారు. అది మీ స్వహస్తాలతో రాసిన వాంగ్మూలం. అయినా ఇప్పుడు చెరిపేయకండి. తప్పును సాక్ష్యం మాయం చేసిన నేరంగా మార్చుకోవడం అవుతుంది. ఉన్నది ఉన్నట్టు ఉంచి, అక్కడ ఇంకొక్క అక్షరం రాయకుండా ఊరుకోండి. పిస్టల్ కోసం స్టేషనుకు వెళ్లవద్దు. వెళ్తే "ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసివ్వండి" అంటారు, మీరు రాసిస్తారు. ఆ పిస్టల్ ఖరీదు కొన్ని వందల డాలర్లు. పోనివ్వండి.

చేయాల్సింది ఇది. ఈ వారంలోనే అల్బకర్కీలో ఫెలనీ కేసులు చూసే లాయరును పెట్టుకోండి. ఆయనకు వలస చట్టం తెలియకపోతే తెలిసిన మరొకరిని జత చేయండి. డబ్బు దగ్గర వెనకాడవద్దు. అభియోగం పడకముందే ప్రాసిక్యూటరుతో మాట్లాడితే దారులు ఎక్కువ ఉంటాయి. నేరం ఒప్పుకోకుండా, కోర్టు గడప తొక్కకుండా ముగిసే డైవర్షన్ ఒప్పందం కుదిరితే అదే అన్నిటికంటే మేలు. అందులో నేరం అంగీకరించే వాక్యం లేకుండా ప్రతి పంక్తీ చదివించుకోండి. అది కుదరకపోతే, తుపాకీ ప్రస్తావన ఎక్కడా లేని చిన్న నేరానికి, ఉదాహరణకు శాంతిభంగం వంటిదానికి, తగ్గించమని అడగాలి. ఇది తేలేదాకా భారతదేశ ప్రయాణం పెట్టుకోకండి. మీరు ఏలూరులో ఉండగా ఇక్కడ వారంటు వస్తే తిరుగు ప్రయాణం విమానాశ్రయంలోనే ముగుస్తుంది. మీ దుకాణంలో పిస్టల్ ధరించడానికి యజమాని ఇచ్చిన అనుమతిని కాగితం మీద రాయించుకోండి, అయితే దాన్ని కూడా ముందు లాయరుకు చూపించండి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు పోలీసులు ఇచ్చిన రసీదు అసలుది తీసుకెళ్లండి. దాని మీది తేదీ నుంచి ఆయన 120 రోజులు లెక్కపెట్టుకోవాలి.