అమెరికా అధ్యక్షుడి భార్యకు జీతం ఉంటుందా? అసలు ఆమె పనేమిటి? మన ఉషా వాన్స్ సంగతేమిటి?

జీతం లేదు. రాజ్యాంగంలో ఆమె ఊసే లేదు. శ్వేతసౌధంలో అద్దె కట్టనక్కర్లేదు గానీ, కుటుంబం తినే తిండికి నెలనెలా బిల్లు వస్తుంది. రీగన్ అధ్యక్షుడైన కొత్తలో ఆ బిల్లు చూసి నాన్సీ రీగన్ నివ్వెరపోయారట. అధ్యక్షుడికి ఏడాదికి 4 లక్షల డాలర్లు ముట్టజెప్పే ప్రభుత్వం భార్యకు పైసా ఇవ్వదు. ఆమెకు సాయపడే సిబ్బందికి మాత్రం జీతాలిస్తుంది. ఆ సిబ్బందిని చట్టంలోకి ఎక్కించింది కూడా 1978లోనే.

మరి ఆమె ఉద్యోగా, కాదా? ఈ పేచీ కోర్టుకెక్కింది. 1993లో క్లింటన్ ఆరోగ్య సంస్కరణల బృందాన్ని హిల్లరీ చేతిలో పెట్టారు. సలహా బృందంలో ప్రభుత్వోద్యోగి కాని మనిషి ఉంటే సమావేశాలు బహిరంగంగా జరపాలన్న చట్టాన్ని చూపి ఒక వైద్యుల సంఘం దావా వేసింది. ఆ చట్టం వరకు ఆమెను ప్రభుత్వోద్యోగిగానే లెక్కించవచ్చని అప్పీలు కోర్టు తేల్చింది. జీతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు!

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇండియా నుంచి వచ్చినవాళ్లకు నయాగరా చూపించడం ఇక్కడ తప్పని తంతు. మా అత్తగారు వచ్చినప్పుడు మాత్రం హడ్సన్ నది ఒడ్డున హైడ్ పార్క్‌లో ఉన్న రూజ్‌వెల్ట్‌ల ఇంటికి తీసుకెళ్లాను. 1933లో అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ఆయన భార్య ఎలినార్ ఉన్న ఇల్లది. ఆ పెద్ద ఇల్లు ఎలినార్ అత్తగారు సారాది. అక్కడ చలిమంట పక్కన రెండు పెద్ద కుర్చీలుంటాయి: ఒకటి కొడుక్కి, ఒకటి తల్లికి. కోడలు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునేదట. గైడు చెప్పింది నేను తెలుగులో చెబితే, "ఇంత పెద్దింటి కోడలికీ ఇంతేనా!" అన్నారు మా అత్తగారు. నేను ఏమీ అనకుండా ముందుకు నడిచాను.

అక్కడికి రెండు మైళ్ల దూరంలో వాల్‌కిల్ ఉంది. ఎలినార్, ఆమె స్నేహితురాళ్లు నడిపిన కుర్చీలు, బల్లల కర్మాగారం అది. 1936లో మూతపడ్డాక దాన్నే ఆమె ఇల్లుగా మార్చుకున్నారు. గోడలకు పైన్ చెక్కలు, వాటి నిండా స్నేహితుల ఫోటోలు. ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ పొంతన లేదు. ఈ ఇంటికే నెహ్రూ వచ్చారు, సోవియట్ నేత క్రుశ్చేవ్ వచ్చారు, 1960లో అధ్యక్ష ఎన్నికల్లో మద్దతు కోరుతూ కెనెడీ వచ్చారు.

ఆమె పని తీరు చూడండి. 1933 మార్చిలో, భర్త ప్రమాణస్వీకారం చేసిన రెండు రోజులకే, విలేకరుల సమావేశం పెట్టి మహిళలను మాత్రమే రానిచ్చారు. దాంతో వార్తలు కావాలంటే పత్రికలు మహిళా విలేకరులను పెట్టుకోక తప్పలేదు. సంతకం చేసే అధికారం లేని మనిషి తలుపు దగ్గర పెట్టిన ఒక్క షరతుతో కొందరికి ఉద్యోగాలు నిలబెట్టారు. ఈ హోదాకున్న బలమంతా ఇలాంటిదేనని నా అభిప్రాయం. 1935 చివర్లో మొదలుపెట్టిన పత్రికా శీర్షికను వారానికి ఆరు రోజుల చొప్పున ఏళ్ల తరబడి రాశారు.

అలాగని అందరూ ఇలా చేయాలన్న నియమమేమీ లేదు. ఆమె తర్వాత వచ్చిన బెస్ ట్రూమన్ ఒక్క విలేకరుల సమావేశం కూడా పెట్టలేదు. ఆమెను ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

ఇక ఉషా వాన్స్. ఆంధ్రా మూలాలున్న కుటుంబం కనుక మనవాళ్లకు ఆసక్తి సహజం. ఉపాధ్యక్షుడి భార్యకూ ఇదే లెక్క: సిబ్బంది ఉంటారు, జీతం ఉండదు. 2024 జులైలో భర్త ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థి కాగానే ఆమె న్యాయవాద సంస్థలో ఉద్యోగం వదిలేశారు. వదలాలని చట్టం చెప్పదు. జిల్ బైడెన్ అయితే భర్త ఉపాధ్యక్షుడిగా ఉన్నప్పుడూ, అధ్యక్షుడయ్యాకా ఉత్తర వర్జీనియాలోని కమ్యూనిటీ కళాశాలలో పాఠాలు చెప్పి జీతం తీసుకున్నారు.