బిగ్‌విగ్, టైకూన్, మాండరిన్: ఎవరిని ఏమనాలి?

సందేహం: మా సాహిత్య సంఘం వార్షికోత్సవానికి ఆంగ్లంలో ఆహ్వానం రాస్తూ, ‘పలువురు ప్రముఖులు విచ్చేస్తున్నారు’ అనే అర్థంలో ‘మెనీ బిగ్‌విగ్స్’ అని రాశాను. మర్యాదగా లేదంటూ ఒక పెద్దాయన దాన్ని తీయించారు. నిఘంటువులో ‘ప్రముఖుడు’ అనే అర్థమే ఉంది కదా? టైకూన్, మొగల్, మాగ్నేట్ అనేవి మూడూ ఒకటేనా? తెలుగు చేసేటప్పుడు వీటికి ఏ మాటలు వాడాలి?

సమాధానం: ఆయన తీయించి మంచిపని చేశారు. నిఘంటువు చెప్పిన అర్థం తప్పు కాదు. అయితే ఆ మాట ఎవరు, ఎవరి గురించి, ఏ స్వరంతో అంటారో కూడా చూసుకోవాలి. ‘బిగ్‌విగ్’కు తెలుగులో సరితూగే మాట ‘పెద్ద తలకాయ’. ‘ఈ కుంభకోణంలో పెద్ద తలకాయలున్నాయి’ అంటాం గాని, ‘పెద్ద తలకాయలకు స్వాగతం’ అని ఆహ్వానపత్రిక వేయం. 17, 18 శతాబ్దాల ఐరపాలో హోదా గలవారు పెట్టుడు జుట్టు ధరించేవారు. ఆ భారీ విగ్గులను చూసి బయటివాళ్లు అన్న మాట ఇది. అందుకే ఇందులో గౌరవం తక్కువ, ఎకసెక్కెం ఎక్కువ. బిగ్ షాట్, హెడ్ హోంచో కూడా ఈ కోవలోవే. హోంచో అన్నది జపాను భాషలో చిన్న దళానికి నాయకుణ్ణి చెప్పే మాట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా సైనికుల నోటి ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. వీటిని కబుర్లలోనో పత్రికా శీర్షికల్లోనో వాడతారు, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు వాడరు.

ఆహ్వానంలో ముందుగా చూసుకోవలసింది, వచ్చేవారి గౌరవం దేనివల్ల వచ్చిందన్నది. మంత్రులు, న్యాయమూర్తులు, రాయబారులు ‘డిగ్నిటరీలు’. వాళ్లకు ఆ పేరు పదవి వల్ల వచ్చింది. ఏ పదవీ లేని కవిని డిగ్నిటరీ అంటే అతకదు. ఆయన ‘ఎమినెంట్ పొయెట్’, మరో వ్యక్తి ‘డిస్టింగ్విష్డ్ స్కాలర్’. మీ సభకు రెండు రకాలవారూ వస్తుంటే ‘డిస్టింగ్విష్డ్ గెస్ట్స్’ అనండి, ఎవరికీ లోటుండదు. ఎమినెంట్‌ను ఇమినెంట్ అని రాయకండి. ఇమినెంట్ అంటే ముంచుకొస్తున్నది. ప్రమాదానికో మరణానికో చేర్చే విశేషణం పూజ్యులైన అతిథికి తగిలిస్తే ఎంత ఇబ్బందో ఆలోచించండి. పేరున్నవాడు కదా అని ‘నొటోరియస్’ అన్నా అంతే. అది చెడ్డపేరుకే చెల్లుతుంది.

ఇక మీరడిగిన మూడు మాటలూ ధనబలాన్ని చెప్పేవే అయినా వాడుకలో వేరువేరు చోట్ల కుదురుకున్నాయి. మాగ్నేట్ లాటిన్ మూలం నుంచి వచ్చింది. ‘గొప్ప’ అనే అర్థమున్న మాట దాని మాతృక. దీని ముందు పరిశ్రమ పేరు చేరుతుంది: స్టీల్ మాగ్నేట్, షిప్పింగ్ మాగ్నేట్. వర్ణక్రమం జాగ్రత్త. చివర ఏ, టీ, ఈ ఉంటే పారిశ్రామికవేత్త. ఈ, టీ మాత్రమే ఉంటే అయస్కాంతం. టైకూన్ జపాను నుంచి వచ్చింది. అక్కడి సైనిక పాలకుడైన షోగన్‌ను విదేశీయుల ముందు ప్రస్తావించేటప్పుడు వాడిన బిరుదు అది, ‘మహాప్రభువు’ అన్న అర్థంలో. 19వ శతాబ్ది నడుమ అమెరికాకు చేరింది. అధ్యక్షుడు లింకన్‌ను ఆయన కార్యదర్శులు తమలో తాము ‘ద టైకూన్’ అని పిలుచుకునేవారు. వ్యాపారానికి అంటుకున్నది ఆ తర్వాతే. మొగల్ మన మొఘల్ చక్రవర్తుల నుంచి వెళ్లిందే. ఈనాడు దాని స్థానం ఎక్కువగా సినిమా, ప్రసార మాధ్యమాల రంగం. ‘మీడియా మొగల్’ను తెలుగులో ‘మీడియా అధిపతి’ అంటే సరిపోతుంది, మొఘలాయీలను లాక్కురానక్కర్లేదు. మిగతా రెండింటికీ ‘పారిశ్రామిక దిగ్గజం’, ‘వ్యాపార దిగ్గజం’ చక్కగా అమరుతాయి. బారన్ మాత్రం వేరు. దానికి తరచు దోపిడీ వాసన ఉంటుంది.

అనువాదకులు ఎక్కువగా బోల్తాపడేది ‘జార్’ దగ్గర. ‘డ్రగ్ బారన్’ మాదకద్రవ్యాల వ్యాపారం నడిపే నేరగాడు. ‘డ్రగ్ జార్’ అమెరికాలో ఆ వ్యాపారాన్ని అణచడానికి ప్రభుత్వం నియమించిన అధికారి. జార్ అంటే రష్యా చక్రవర్తి కదా అని రెండో మాటను ‘మాదకద్రవ్యాల సామ్రాట్టు’ అని తెలుగు చేస్తే పోలీసును దొంగగా మార్చినట్లే. ‘మాదకద్రవ్యాల నియంత్రణాధికారి’ అనాలి.

మన దగ్గర్నుంచి వెళ్లి రూపు మారిన మాటలతోనూ ఇదే చిక్కు. ‘మంత్రి’ అన్న సంస్కృత పదం మలయ్ భాషలోకి, అక్కడి నుంచి పోర్చుగీసు వారి నోటికి, వారి నుంచి ఆంగ్లానికి చేరి ‘మాండరిన్’ అయింది. మొదట చైనా రాజాధికారులకు పేరు. ఇప్పుడు బ్రిటిష్ పత్రికలు ‘వైట్‌హాల్ మాండరిన్స్’ (వైట్‌హాల్ లండన్‌లో ప్రభుత్వ కార్యాలయాలున్న వీధి) అన్నప్పుడు అది మంత్రుల గురించి కాదు. ప్రభుత్వాలు మారినా కుర్చీలు మారని ఉన్నతాధికారుల గురించి. మూలం తెలిసినవారే దీన్ని ‘మంత్రులు’గా తెలుగు చేసే ప్రమాదం ఉంది. ‘నబాబ్’ కూడా ఇలాంటిదే. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో డబ్బు గడించి ఇంగ్లండు తిరిగివెళ్లిన తెల్లవాళ్లను అక్కడివారు నిరసనగా అలా పిలిచారు. కాబట్టి హైదరాబాదు నవాబు గురించి ఆంగ్లంలో రాస్తే ‘నవాబ్’ అనే రాయాలి. శాస్త్రాలు చదివిన విద్వాంసుణ్ణి ఆంగ్లంలో ‘ఎ గ్రేట్ పండిట్’ అని పరిచయం చేసినా పొరపాటు అవగాహనకు తావుంది. బయటి పాఠకుడు టీవీలో ఎన్నికల మీద అభిప్రాయాలు చెప్పే వ్యాఖ్యాత అనుకోవచ్చు. ‘స్కాలర్’ క్షేమం.

పలుకుబడి సంగతి. ‘ఇన్‌ఫ్లుయెన్షియల్’ అనే విశేషణం నిరపాయమైనది. ‘ఇన్‌ఫ్లుయెన్సర్’ ఇప్పుడు సామాజిక మాధ్యమాల్లో అనుచరగణం ఉండి, వస్తువులను ప్రచారం చేసేవారి పేరు. సచివాలయంలో నాలుగు పనులు చేయించగల మనిషికి అది తగదు. పదవిలో ఉన్నవాడి వెనుక ఉండి నడిపించేవాణ్ణి ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ‘ఎమినాన్స్ గ్రీజ్’ అనే మాటతో చెబుతారు. మనకు ‘తెర వెనుక సూత్రధారి’ ఉండగా దాన్ని అక్షరాలా మార్చనవసరం లేదు.

తెలుగు మాటల్లోనూ ఇలాంటి ఎగుడుదిగుళ్లున్నాయి. ప్రముఖులు, ఉద్దండులు, హేమాహేమీలు, తలపండినవారు అన్నవి గౌరవంగా వాడవచ్చు. వీటిలో చివరిది అనుభవానికే చెల్లుతుంది, డబ్బుకు కాదు. ‘బడాబాబులు’ తిట్టుకు దగ్గర. ‘మోతుబరి’ భూమి ఉన్న రైతుకు ఒప్పుతుంది గాని కర్మాగారం యజమానికి ఒప్పదు. ‘ఘనుడు’, ‘ప్రబుద్ధుడు’ మంచి అర్థంతోనే పుట్టినా, నేటి వ్యవహారంలో ‘ఆ ప్రబుద్ధుడే ఇదంతా చేశాడు’ లాంటి చోట్ల దెప్పిపొడుపుగా మారాయి. వేదిక మీద వాడకపోవడం మంచిది. ‘ఘనాపాఠి’లో ఠ ఒత్తక్షరమే. వేదాన్ని ఘన అనే పాఠపద్ధతి దాకా అధ్యయనం చేసినవాడని అసలు అర్థం. ఆరితేరినవాడన్న వాడుక అందులోంచే వచ్చింది.

‘విఐపి’ని తెలుగులో మూడక్షరాలుగానే పలకాలి, రాయాలి. కలిపి ‘విప్’ అంటే చట్టసభలో పార్టీ సభ్యులను హాజరుపరిచే పదవి అయిపోతుంది. చివరి ‘పి’లోనే వ్యక్తి ఉన్నాడు కనుక ‘విఐపి వ్యక్తులు’ అనడం పునరుక్తి. ‘విఐపీలు’ చాలు.