స్క్రిమ్‌షా అంటే తిమింగలం పన్ను మీద బొమ్మేనా?

"స్క్రిమ్‌షా అంటే తిమింగలం పన్ను మీద చెక్కిన బొమ్మే కదా, ఇంకేమైనా అర్థం ఉందా?" అని అడిగారు. నన్నడిగితే అది సగం అర్థమే. ఆ మాట ముందు తిమింగల వేట ఓడల్లో నావికులు ఖాళీ వేళల్లో ఎముకలతో, పళ్లతో చేసే పనికి పేరు, వస్తువుకి తర్వాత అంటుకుంది.

అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్ తిమింగల వేట మ్యూజియానికి నేనూ ఆ బొమ్మలు చెక్కిన పళ్ల కోసమే వెళ్లాను. తీరా అక్కడ నన్ను కదలనివ్వనిది ఓ వంటింటి సామాను. 'పై' అనే పూర్ణం రొట్టె అంచులు నొక్కడానికి ఎముకతో చేసిన చక్రం, అచ్చం మన కజ్జికాయల చక్రంలా. పిడి చివర బిగించిన పిడికిలి చెక్కాడు ఎవరో నావికుడు, గోళ్లతో సహా! చక్రం అంచు ఒకచోట నునుపుగా అరిగిపోయింది. అంటే ఇంట్లో ఎవరో దాన్ని బాగానే వాడారు. అదీ స్క్రిమ్‌షానే.

వేటకి వెళ్లిన ఓడ తిరిగి రావడానికి మూడు నాలుగేళ్లు పట్టేది. తిమింగలం కనిపించని రోజులే ఎక్కువ. 1826 నాటి ఓ ఓడ దినచర్యలో, పొగమంచు పట్టిన రోజున అందరూ 'స్క్రిమ్‌షాంటింగ్' చేస్తున్నారని రాసి ఉంది. ఏం చేశారన్నది లేదు, చేస్తూ కూర్చున్నారంతే. పన్ను దొరికినవాడు దాని గరుకు పైపొరని గీకి, సొరచేప చర్మంతో రుద్ది, తెరచాప కుట్టే సూదితో గీసి, గీతల్లో మసి పులిమేవాడు. చాలామంది పేరు కూడా చెక్కుకోలేదు. 1829 ప్రాంతంలో 'సుసాన్' ఓడలో ఫ్రెడరిక్ మైరిక్ సంతకం పెట్టి, తేదీ వేశాడు కాబట్టి అతని పేరు మిగిలింది.

పళ్లకే ఈ మాట ఎందుకు అతుక్కుపోయిందంటారా? వాటిని కొనేవాళ్లకి డబ్బుంది కాబట్టి! అమెరికా అధ్యక్షుడు కెనడీ అంతటివాడు పోగుచేశాక రొట్టె చక్రాన్ని ఎవరు పట్టించుకుంటారు?

అన్నట్టు, ఆ తీరంలోనే ఓ సావనీర్ షాపులో "అసలుదే సార్" అంటూ ఓ పన్ను నా చేతిలో పెట్టారు. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే పక్కన అచ్చు అతుకు, లోపల గాలి బుడగ. ఇలా రెజిన్‌తో, అంటే ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో, అచ్చు పోసిన సరుకుకి 'ఫేక్‌షా' అని వేరే పేరే ఉంది. తిమింగలాలని కాపాడే 1970ల చట్టాల తర్వాత అసలు పళ్ల అమ్మకం మీద గట్టి ఆంక్షలున్నాయని ఆ షాపువాడికి తెలియదనుకోవాలా?

ఇప్పుడు కత్తి పిడుల మీద చెక్కేవాళ్లు కూడా తమ పనిని స్క్రిమ్‌షా అనే అంటారు. వాళ్లు చేత్తో గీస్తారు కాబట్టి నాకేం అభ్యంతరం లేదు. అచ్చు పోసినవాటిని మాత్రం ఆ పేరుతో పిలవకండి.