ఉస్మానియాలో చేరుతున్న మా మేనకోడలికి

బిడ్డా,

ఎం.ఏ. హిస్టరీలో సీటొచ్చిందని, అదీ ఉస్మానియా క్యాంపస్‌లోనే అని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. హాస్టల్‌కి బకెట్లు, దుప్పట్లు మీ అమ్మ చూసుకుంటుంది. చదువు సంగతి మాత్రం నన్ను చెప్పనివ్వు. ఇన్నేళ్లు డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్పినదాన్ని. పీజీకి వెళ్లిన పిల్లలు ఎక్కడ నిలదొక్కుకుంటారో, ఎక్కడ చతికిలపడతారో దగ్గర నుంచి చూశాను.

డిగ్రీలో లెక్చరర్ చెప్తే నోట్స్ రాసుకున్నావు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదువుకున్నావు, మంచి మార్కులతో బయటపడ్డావు. యూనివర్సిటీలో అలా ఎవరూ వెంటపడి చదివించరు. లైబ్రరీ ఉంటుంది, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఉంటారు, కానీ నువ్వు కదిలితేనే ఏదైనా. అడగందే అమ్మయినా పెట్టదంటారే, క్యాంపస్‌లో అది అక్షరాలా నిజం.

అడగడానికి నీకు అడ్డం వచ్చేది ఇంగ్లీషు భయం. నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, డిగ్రీలో కూడా తెలుగులోనే పరీక్షలు రాశావు. పక్కన కూర్చున్న పిల్ల గడగడా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే గొంతు పెగలదు. అప్పుడు ఒకటి గుర్తు పెట్టుకో. 1918లో ఆ యూనివర్సిటీ మొదలైందే ఉర్దూ మీడియంతో. మన దేశ భాషలో పెద్ద చదువులు చెప్పొచ్చని చూపించడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక అనువాద విభాగం పెట్టి, సైన్సు, చరిత్ర, న్యాయశాస్త్రం పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. మెడిసిన్ కూడా ఉర్దూలోనే చెప్పారు. తెలుగులో ఆలోచిస్తున్నానని అక్కడ నువ్వు సిగ్గుపడాల్సిన పనే లేదు. ముందు తెలుగులోనే అర్థం చేసుకో, తెలుగులోనే రాసుకో, ఆ తర్వాత ఇంగ్లీషులో పెట్టు. మొదటి సెమినార్‌లో తడబడతావు, తడబడనీ. రోజూ ఇంగ్లీషు పుస్తకం రెండు పేజీలు చదివి, అందులో ఉన్నది నీ మాటల్లో నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయి. ఒక్క సెమిస్టర్ ఈ పని వదలకుండా చెయ్, చాలు. స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌కి డబ్బులు పొయ్యొద్దు.

ఇక సార్ల దగ్గరికి, మేడమ్‌ల దగ్గరికి వెళ్లడం. ఉత్త చేతులతో వెళ్లకు. ఏం చదివావో, ఎక్కడ ఆగిపోయావో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లు. "సార్, జాగీర్ల గురించి చెప్పండి" అని అడిగితే సిలబస్‌లో ఏ యూనిట్టో చెప్పి పంపిస్తారు. అదే, "సార్, మా ఊరు ఒకప్పుడు జాగీరు కింద, అంటే నిజాం శిస్తు హక్కు రాసిచ్చిన జాగీర్దారు కింద ఉండేదట. పక్క ఊరు సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత భూమి. 1949లో జాగీర్లు రద్దు కాకముందు ఈ రెండు ఊళ్లలో శిస్తు వసూలులో తేడా ఉండేదా? ఎక్కడ చూడమంటారు?" అని అడుగు. ఎంత బిజీగా ఉన్న మనిషైనా కుర్చీ చూపించి కూర్చోమంటారు. ఆయన చెప్పిన పుస్తకం తెచ్చుకుని చదివి, మళ్లీ వెళ్లి ఏం దొరికిందో చెప్పాలి. చాలామంది పిల్లలు ఈ రెండోసారి వెళ్లరు. రేపు రికమండేషన్ లెటర్ కావాలన్నా, పీహెచ్‌డీకి గైడ్ కావాలన్నా ఆయనకు గుర్తుండేది ఆ రెండోసారి వచ్చిన పిల్లే.

నీ అదృష్టం ఏంటంటే, హిస్టరీ వాళ్లకు కావాల్సినవన్నీ అక్కడే చుట్టుపక్కల ఉన్నాయి. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొఘలుల కాలం నాటి ఫారసీ కాగితాలు, నిజాం కాలం రికార్డులు అందులో ఉన్నాయి. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్తే పాత తెలుగు పత్రికలు చూడొచ్చు. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి నడుస్తోంది. ఆదివారాలు మాల్స్ చుట్టూ తిరిగే ముందు ఇవన్నీ ఒక్కొక్కసారైనా చూసి రా. హాస్టల్ గదిలో ఉన్నప్పుడు ఫోన్‌లోనే శోధ్‌గంగ తెరువు, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఎన్నో ఉచితంగా దొరుకుతాయి. చదివినప్పుడల్లా పుస్తకం పేరు, పేజీ నంబరు నోట్స్ పక్కనే రాసుకో. ఎక్కడ చదివావో చెప్పలేని మాటకు మన సబ్జెక్టులో విలువ లేదు.

డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు రోజూ చూడు. పీహెచ్‌డీ వైవా ఉందని కనిపిస్తే వెళ్లి వెనక కూర్చో, ఎవరూ ఏమీ అనరు. అయిదేళ్లు కష్టపడ్డ మనిషిని ఏ ప్రశ్నలు అడుగుతారో, ఎలా సమర్థించుకుంటారో కళ్లారా చూస్తే, పరిశోధన అంటే ఏంటో క్లాసులో కన్నా బాగా తెలుస్తుంది.

స్కాలర్‌షిప్‌కి 75 శాతం హాజరు కావాలి, అది తగ్గనివ్వకు. లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష నెట్ ఏడాదికి రెండుసార్లు పెడతారు, ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, మీ నాన్న మీద భారం పడకుండా పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

ఆర్ట్స్ కాలేజీ ముందు మీటింగులు జరుగుతుంటాయి. మీ నాన్న వెళ్లొద్దంటాడు, నేను వెళ్లమంటాను. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఊపిరి పోసింది అక్కడి పిల్లలే. హిస్టరీ చదివే పిల్ల చరిత్ర జరిగిన చోట చెవులు మూసుకుని కూర్చోకూడదు. అన్ని సంఘాల వాళ్లు చెప్పేదీ విను. ఏ సంఘంలోనైనా చేరేది మాత్రం ఏడాది తర్వాతే, అదీ నీకు నువ్వుగా నమ్మితేనే. రూమ్మేట్ చేరిందని చేరకు.

ఆర్కైవ్స్‌కి వెళ్లేటప్పుడు హెడ్ సంతకంతో డిపార్ట్‌మెంట్ లెటర్, ఐడీ కార్డు, ఆధార్ జిరాక్స్ దగ్గర పెట్టుకో. మొదటి సెమినార్ పేపర్ తెలుగులో రాయగానే ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

నీ అత్తమ్మ