హాస్టల్ ఫీజు ఎక్కువా? నెలకి కాదు, ఏడాదికి లెక్కేసి చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి కాలేజీలో సీటొచ్చింది. ఇంటి నుంచి వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. క్యాంపస్ హాస్టల్ ఫీజు చూస్తే గుండె గుభేలుమంది. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి బయట రూమ్ తీసుకుంటే సగం ఖర్చుతో అయిపోతుందని తనంటోంది. రోజూ ఇంటి నుంచే వెళ్లి రమ్మంటోంది వాళ్లమ్మ. హాస్టల్లో చేర్చాలంటే ఎడ్యుకేషన్ లోన్ ఇంకొంచెం ఎక్కువ తీసుకోవాలి. ఏం చేయమంటారు?

జవాబు: మొదటి ఏడాది హాస్టల్లోనే ఉంచండి. కాకపోతే ఆ ఫీజు వీలైనంతవరకు లోన్‌లో కలపకండి. ఎందుకో చెప్తాను.

మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదనలో చిన్న పొరపాటుంది. హాస్టల్ ఫీజు పక్కన రూమ్ అద్దె పెట్టి చూస్తున్నారు. హాస్టల్ బిల్లులో గది, మంచం, బల్ల, కరెంటు, నీళ్లు అన్నీ ఒకే అంకెలో కలిసి ఉంటాయి. చాలాచోట్ల మెస్, ఇంటర్నెట్ కూడా అందులోనే. అందుకే అది అంత లావుగా కనబడుతుంది. మీ అమ్మాయి చెప్పినది అద్దెలో తన వాటా మాత్రమే. అడ్వాన్సు, పరుపు, గ్యాసు, గిన్నెలు, వైఫై, కాలేజీకి రానుపోను ఛార్జీలు ఆ అంకెలోకి ఇంకా ఎక్కలేదు. ఇవి విడివిడిగా, తలా ఒక తేదీన వస్తాయి కాబట్టి ఎక్కువనిపించవు.

రెండోది, నెలల లెక్క. క్లాసులు జరిగేది ఏడాదిలో 10 నెలలనుకోండి. సెలవులకి ఇంటికొచ్చినా ఓనరు అద్దె ఆపడు. నెలకి 100 చొప్పున 12 నెలలు కట్టి 10 నెలలే ఉంటే, ఉన్న నెలకి పడింది 120.

మా అబ్బాయి రెండో ఏడాదిలో బయట రూమ్‌కి మారాడు. ముగ్గురు కుర్రాళ్లు. ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లు అతికించి, కింద ముగ్గురి పేర్లూ రాసుకునేవారు, కట్టినవాడి పేరు పక్కన టిక్కు. నాలుగో నెలలో ఒకడు చదువు మానేసి వెళ్లిపోయాడు. మూడో వంతు కట్టేవాళ్లు ఒక్కసారిగా సగం కట్టాల్సొచ్చింది, అంటే ఒక్కొక్కరికీ 50 శాతం పెరిగినట్టు. అగ్రిమెంటు మావాడి పేరు మీద ఉండటంతో ఓనరు ఫోన్ చేసింది నాకే. చివర్లో గోడకి మేకుల రంధ్రాలున్నాయని అడ్వాన్సులో కోత. ఊళ్లో వాళ్లందరికీ డబ్బు లెక్కలు చెప్పే నేను ఆ అగ్రిమెంటు చదవలేదు, అది వేరే సంగతి. హాస్టల్లో పక్క మంచం ఖాళీ అయినా మామూలుగా మీ ఫీజు పెరగదు.

ఇంటి నుంచి వెళ్లి రావడం డబ్బులో అన్నిటికన్నా చవక, ఆవిడ మాట నిజమే. కాలేజీ అరగంట దూరమైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ రోజుకి 3 గంటలు, వారానికి 15 గంటలు, 16 వారాల సెమిస్టర్‌కి 240 గంటలు. అంటే పగలూ రాత్రీ కలిపి పది రోజులు బస్సులోనే. ఇవి మామూలు గంటలు కూడా కాదు. రాత్రి లైబ్రరీ తెరిచి ఉండే గంటలు, ల్యాబ్‌లో ప్రయోగం కుదరక మళ్లీ చేసే గంటలు, సీనియర్ గదికెళ్లి పాత ప్రశ్నపత్రాలు అడిగే గంటలు. క్యాంపస్‌లోనే పార్ట్ టైం పని దొరికితే, క్లాసుకీ క్లాసుకీ మధ్య చేసుకోగలిగేది అక్కడుండే పిల్లలే. సాయంత్రం ఆఖరి బస్సు కోసం పరుగెత్తే డే స్కాలర్‌కి అవి అందవు.

అలెగ్జాండర్ ఆస్టిన్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు 1970ల్లోనే, క్యాంపస్‌లో ఉండే విద్యార్థులు మధ్యలో మానేయకుండా డిగ్రీ పూర్తిచేసే అవకాశం ఎక్కువని తేల్చాడు. నా వృత్తికి ఇదే ముఖ్యం. ఒక సెమిస్టర్ వెనకబడితే ఆ ఫీజు మళ్లీ కట్టాలి, ఆ ఆరు నెలల ఖర్చు మళ్లీ పెట్టాలి, మొదటి జీతం ఆరు నెలలు ఆలస్యం. హాస్టల్‌కీ రూమ్‌కీ తేడా దీని ముందు చిన్నదే. అలాగని హాస్టల్లో చేర్చేస్తే మార్కులు వాటంతటవే రావు. లాటరీలో కలిసిన రూమ్మేట్ల మీద అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో బ్రూస్ సాసర్డోట్ చేసిన అధ్యయనం 2001లో వచ్చింది. గదిలో ఉన్నవాళ్ల చదువు ప్రభావం రెండోవాళ్ల మార్కుల మీద పడుతుందని అందులో తేలింది. అది మంచికీ పనిచేస్తుంది, చెడుకీ పనిచేస్తుంది. రూమ్మేట్‌తో పొసగకపోతే ఓర్చుకుని కూర్చోకుండా మొదటి నెలలోనే వార్డెన్‌ని అడిగి గది మార్పించుకోమనండి.

ఇక లోన్. 10 శాతం చక్రవడ్డీతో తీసుకున్న 100, ఐదేళ్లు ముట్టుకోకపోతే 161 అవుతుంది. మొదటి ఏడాది తిన్న మెస్ భోజనానికి ఉద్యోగం వచ్చాక ఈఎంఐ కట్టడం నాకు నచ్చదు. లోన్‌ని ట్యూషన్ ఫీజు వరకే ఉంచండి. హాస్టల్ ఫీజు వాయిదాల్లో కట్టనిస్తారేమో ఆఫీసులో అడగండి, నెల జీతంలోంచి పక్కన పెడుతూ రండి. కొంత అప్పు తప్పదంటే, ఆ భాగం మీద వడ్డీ అయినా చదువు నడుస్తుండగానే కట్టేయండి. అధిక వడ్డీకి బయట అప్పు చేయాల్సొచ్చే పరిస్థితైతే మాత్రం నా సలహా మారుతుంది: ఇంటి నుంచే వెళ్లి రమ్మనండి.

చేరే ముందు హాస్టల్ కాగితాల్లో మూడు చూడండి. మధ్యలో ఖాళీ చేస్తే ఎంత వెనక్కిస్తారు, సెలవుల్లో మెస్ బిల్లు తగ్గిస్తారా, డిపాజిట్‌లో కోతలు దేనికి. నోటిమాట నమ్మకండి, కాగితం మీద ఉండాలి.

ఏడాది తిరిగాక ఇదే లెక్క మళ్లీ వేయండి. అప్పటికి తనకి మనుషులు తెలుస్తారు, ఎవరితో రూమ్ తీసుకుంటే అద్దె సమయానికి వస్తుందో తెలుస్తుంది. ఈసారి అంకెలు మీరు కాకుండా తననే రాయమనండి.